మందుగుండు అర్రల పిల్లలు

మాదాపూర్ గుట్టల మీద అప్పటికింక ఇన్ని అద్దాల బిల్డింగులు లేవు. తొంభై ఎనిమిది ఎండాకాలం సంగతి. ఒక్క పెద్ద టవర్ లేస్తుంటే, దాని ఎనక గుట్టలు పేల్చి ఇంకో కంపెనీకి జాగ సాఫ్ చేస్తున్నరు. ఆ జాగల ఒక రాతి అర్ర ఉండె. ఎనకట క్వారీ వాళ్ళు మందుగుండు దాచేటిది. కిటికీ లేదు, తలుపెప్పుడో ఊడిపోయింది. పొద్దుగూకినంక ఆ దిక్కు ఎవ్వడు పోడు — ఒంటికి పోనీకె గూడ.

ఎందుకంటే... రాళ్ళు కొట్టే ఒకామె వానకు ఆ అర్రల జొచ్చి, ఆడనే నొప్పులు పడి సచ్చిపోయిందట. బిడ్డ దక్కలేదట. అప్పటిసంది చీకటి పడంగనే లోపట సన్నగ ఏడుపు. ఒక్క పిల్లది గాదు. శానా పిల్లలది.

నాకిది చెప్పింది రేణుకక్క. పాలమూరు దిక్కు నుంచి మొగనితోని ఆ సైటుకు పనికొచ్చింది. ఆమె చెప్పినట్టే చెప్తున్న.

అక్కకు అప్పుడు పాలు తాగే పిలగాడు. వాళ్ళ రేకుల షెడ్డు ఆ అర్రకు దగ్గర్నే. లోపట ఏడుపు మొదలైందంటే పిలగాడు గూడ గుక్కపట్టేటోడు. ఒళ్ళు కాలిపోయేది.

"అది బాలింత దెయ్యమే," అన్నది పక్క షెడ్డు ముసలి కొమురమ్మ. "నీ కొడుకు మీద కన్ను పడ్డది."

అక్క మొగడు శివ గోడలు కట్టే మేస్త్రి. పరేషానయి, మూసాపేటకెళ్ళి ఒక మంత్రగాన్ని తోల్కొచ్చిండు. ఆయన అర్ర దగ్గరికి గూడ పోలె. దూరంగ నిలబడి చూసిండు.

మసక పడ్డది. అర్ర లోపట్నుంచి నల్లగ పొగ లెక్క ఏదో బుస్సుమని లేసింది... సుడి తిరిగి, చెరువు దిక్కు పోయింది. పోయిందో లేదో — లోపట ఏడుపు.

"చూసినవా," మంత్రగాడు గుసగుస లెక్క అన్నడు. "గా పోయేది తల్లి. అది బయటికి పోయినంకనే మూసెయ్యాలె. తిరిగొచ్చేసరికి దానికి ఇల్లుండొద్దు. మళ్ళ తెరిస్తే మాత్రం... నీ కొడుకు నీకుండడు."

మర్నాడు శివ గట్లనే చేసిండు. పొగ పోయేదాక కూసున్నడు. పోంగనే ఇటుక మీద ఇటుక. సందు లేకుంట సిమెంటు పూసిండు. నిమ్మకాయ గట్టిండు.

ఆ రాత్రి అది తిరిగొచ్చింది.

గోడ మీద టపటపమని కొట్టుకుంటుంది. గోకుతుంది. లోపట్నుంచి ఏడుపు... బయట ఏదో చీదుకుంటున్నట్టు, పిలుస్తున్నట్టు చప్పుడు. ఒకదానికొకటి జవాబు చెప్తున్నట్టే ఉంది. గోడ మాత్రం నడుమ ఉంది.

అక్కకు రైక పాలతోని తడిసిపోయింది. అది ఆమె చేతుల లేదు. ఎవరి పిల్ల ఏడిస్తే ఏంది, పాలకు తెలుస్తదా.

"ఏమయ్యా, అవి ఆకలికి ఏడుస్తున్నయ్."

"దెయ్యం పిల్లలే అవి."

"దెయ్యం పిల్లలకు ఆకలుండదా?"

"సప్పుడు చెయ్యకుంట పండు," అన్నడు శివ. "వీడు చూడు. ఎట్ల నిద్రపోతుండో."

నిజమే. పిలగాడు ఏడుస్తలేడు. ఒళ్ళు సల్లబడ్డది. గోడ పని చేసింది. ఇగ అక్క ఏమంటది?

మర్నాడు సందెకు లోపటి గొంతులు సన్నబడ్డయ్. చీకటి పడంగనే బయటిది మళ్ళ వచ్చి గోడకు కొట్టుకుంటుంది. శివ స్లాబ్ మీద ఉన్నడు. స్లాబ్ పోసుడు మొదలైతే నడుమ ఆపరు, మిక్సర్ బంద్ అయ్యేదాక ఎవ్వరు దిగరు.

అక్క కొడుకుకు పాలిచ్చింది. వాడు సాలని మొకం తిప్పుకుంటే, బుజ్జగించి మళ్ళ ఇచ్చింది. ఇగ మళ్ళ ఇస్తనో లేదో అన్నట్టు. కొమురమ్మ ఒళ్ళె పండవెట్టి, గడ్డపార తీసుకుంది.

కొమురమ్మ గడ్డపార దిక్కు చూసింది. "ఓ పిల్లా, తెరిస్తే వీడు దక్కడే."

"తెలుసు పెద్దమ్మా."

"మరి?"

"ఆ ఏడుపు ఇనుకుంట పండలేనే. జర గట్టిగ పట్టుకో వాన్ని."

ఆమె అడుగుల సప్పుడుకు, గోడకు కొట్టుకునేది చీకట్లకు లేసిపోయింది. గోడ పచ్చిగనే ఉంది. గడ్డపార పెట్టి ఒత్తితే ఇటుకలు కదిలినయ్. రెండు కిందవడ్డయ్. లోపట్నుంచి కుళ్ళు వాసన గుప్పుమన్నది...

ఏడుపు ఆగిపోయింది.

అక్క తల లోపటికి పెట్టింది. కటిక చీకటి. ఏదో మెత్తగ, తడిగ — వచ్చి ఎద మీద పడ్డది. గోర్లతోని రైక పట్టుకుంది. నోటితోని ఎతుకుతుంది.

కొంగులున్న అగ్గిపెట్టె తీసి పుల్ల గీసింది.

గబ్బిలం పిల్ల.

ఇంక బొచ్చు గూడ సరిగ రాలె. చెవులు, ఇంత మూతి. తడిసిన బట్టను చీకుతుంది. పుల్ల ఎలుగుల అక్కకు లోపల గూడ కనవడ్డది. కప్పుకు గుత్తులు గుత్తులు ఏలాడుతున్నయ్ పిల్లలు, ఒకదాన్నొకటి కర్సుకొని. శానా మట్టుకు కిందనే పడి ఉన్నయ్. ఒక్కటి గూడ కదుల్తలేదు. తల్లులు పిల్లలన్నిటినీ ఒక్కతాన ఇడిసి, మేతకు పొయ్యొచ్చి పాలిస్తయట. దెయ్యం లేదు, ఏం లేదు.

ఆమె తాన పాలున్నయ్. దానికి పనికిరావు.

పుల్ల ఆరిపోయింది. అప్పుడొచ్చినయ్ తల్లులు. ఆమె చెంపలు రాసుకుంట లోపటికి పోయినయ్. పిలుస్తున్నయ్... పిలుస్తున్నయ్... జవాబు లేదు. ఒక్కటి మాత్రం తిరిగొచ్చి అక్క భుజం మీద వాలింది. ఎద మీద పిల్లను వాసన జూసింది. పిల్ల కీచుమన్నది. రైక ఇడిసి, తల్లి కడుపును కర్సుకుంది. రెండూ లేసిపోయినయ్.

అక్క ఊపిరి తీసుకున్నది.

ఇంకోటొచ్చి వాలింది. ఎద కాడ వాసన జూసింది. ఏం దొరకలె. మళ్ళ జూసింది. పోయింది. ఇంకోటి. ఆ ఎనక ఇంకోటి... భుజాల మీద, కొంగు మీద, జుట్టుల. అన్నీ ఆ తడిసిన రైక మీదనే ఎతుకుతున్నయ్.

షెడ్డు కాడ కొడుకు ఏడుపందుకున్నడు. అక్క కదలలేదు. చేతులు చాపి, చీకట్ల గట్లనే నిలబడ్డది.

"నా తాన లేరే తల్లీ," అనుకుంట. "నా తాన ఇంక లేరే."