రవ్వంత తిప్పి, ఆగి వినాలి

ఝాన్సీలక్ష్మి పాతపట్నంలో బస్సు దిగి మేనత్త రైస్ మిల్లు గేటు తీసేసరికి, ఆమెకి ఎదురొచ్చింది అత్త కాదు, బావ కాదు, మూరెడు పొడుగున్న ఎర్ర కారు. ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం మీద అది ఈల వేసుకుంటూ దూసుకొచ్చి, ఆమె సూట్‌కేసుని గుద్ది, బోర్లా పడి, రెండుసార్లు దగ్గి ఊరుకుంది. వెనకాలే రిమోట్ పట్టుకుని పరుగెత్తుకొచ్చిన ఉపేంద్ర పరిస్థితీ ఇంచుమించు అదే.

"ఎవరికి ఆముదం పట్టిస్తన్నావు బావా? ఈదంతా కంపు కొడతంది," అంది ముక్కు మూసుకుని.

ఉపేంద్ర పొద్దుటి నుంచి ఆమెతో అనడానికి మంచి మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాడు. తీరా నోరు తెరిస్తే, ఈ కారుకి పోసే ఇంధనంలో నిజంగానే ఆముదం కలుపుతారనీ, లేకపోతే ఇంజను అరిగిపోతుందనీ చెప్పుకొచ్చాడు. ఇన్నేళ్లకి కనిపించిన మరదలికి ఆముదం మీద ఉపన్యాసం ఇచ్చినవాడు జిల్లా మొత్తం మీద అతనొక్కడే అయ్యుంటాడు.

ఆ కారు బ్యాటరీతో తిరిగే బొమ్మ కాదు. నైట్రో అనే ఇంధనంతో నడిచే, గుప్పిట్లో ఇమిడే నిజమైన ఇంజను, ఆ ఇంధనంలో గాలి కలపడానికో కార్బురేటర్, ఆ కార్బురేటర్‌కి ఆవగింజంత స్క్రూ. విశాఖపట్నంలో ఎవరో అమ్మేస్తుంటే కొనుక్కొచ్చాడు. తండ్రి పోయాక మిల్లు నడుపుతున్న మనిషి సాయంత్రమయ్యేసరికి బొమ్మకారుతో ఆడతాడని ఊరంతా నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ అనుకుంటాడు. ఆవేళ మాత్రం మరదలి ముందు కారు పిట్టలా ఎగరాలని స్క్రూ కాస్త ఎక్కువ బిగించాడు. అలా బిగిస్తే ఇంధనం తగ్గి ఇంజను హుషారుగా అరుస్తుంది. ఆ హుషారు కాసేపే, తరవాత వేడెక్కి చస్తుంది.

ఆమె కారుని తిరగేసి, చురుక్కుమని వేలు వెనక్కి తీసుకుంది. "జొరమొచ్చినట్టున్నాదేటి దీనికి?"

"నువ్వొస్తన్నావని కంగారు పడినాది."

ఝాన్సీ కళ్లెత్తి ఒక్క క్షణం చూసి, సూట్‌కేసు అతని చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది. ఆ చూపుతోనే అతనికి సాయంత్రం దాకా పొద్దు గడిచిపోయింది.

వాళ్ల పెళ్లి ఎప్పుడు కుదిరిందంటే ఇంట్లో ఎవరూ చెప్పలేరు. ఝాన్సీ ఉయ్యాల్లో ఉండగానే ఉపేంద్ర తల్లి పార్వతీదేవి "ఇది నా కోడలు" అంది. ఆమె అన్న, ఝాన్సీ తండ్రి భీమశంకరరావు "నీ పిల్లే, నువ్వే తీసుకో" అన్నాడు. కోమట్ల ఇళ్లలో మేనరికం అంతే, తక్కెట్లో వేసి తూచే పనుండదు. ఇప్పుడు ఝాన్సీ విజయనగరంలో కాలేజీ లెక్చరర్ అయింది. ఆదివారం తాంబూలాలు పుచ్చుకుందామని అన్నాచెల్లెళ్లు ఫోన్‌లోనే అనేసుకున్నారు. భీమశంకరరావు ఆ పొద్దుటికి వస్తానని, కూతుర్ని రెండు రోజులు ముందుగా పంపించాడు.

ఉపేంద్రకి ఆమె అంటే ప్రాణం. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. మన పిల్లే కదా, అడిగేదేముందని తల్లి అనేది. అతనికీ అలా అనుకోవడమే సుఖంగా ఉండేది.

శనివారం సాయంత్రం మహేంద్రగిరి మీద మబ్బు దిగింది. కళ్లం సిమెంటు పగటి ఎండని ఇంకా వదల్లేదు. వెచ్చటి నేల మీద చెప్పులు లేకుండా నడుచుకుంటూ వచ్చి, కారు నడపడం కాదు, దాని గొంతు సరిచెయ్యడం నేర్పమంది ఝాన్సీ. అతను చిన్న స్క్రూడ్రైవరు ఆమె చేతికిచ్చాడు.

"ముందు వదులు సెయ్యి. బాగా తాగనీ. పొగొస్తాది, బద్దకంగా నడుస్తాది, పరవాలేదు. అప్పుడు రవ్వంత బిగించు, గడియారంలో గంట ముల్లు ఒక అంకె జరిగినంత. సెయ్యి తీసెయ్. ఇంక ఇను."

కారు కళ్లం చుట్టి వచ్చింది. గురగుర కొంచెం తగ్గింది. ఆమె మళ్లీ స్క్రూ మీదికి వంగితే అతను ఆపాడు. ఇంజను జవాబు ఇంకా పూర్తిగా రాలేదనీ, మరో చుట్టు తిరిగి రానిమ్మనీ చెప్పాడు. అలా తిప్పుతూ, ఆగుతూ, వింటూ ఉంటే చీకటి పడబోతున్న సంగతే ఇద్దరికీ తెలియలేదు. కారు వెనక నీలం పొగ సన్నగా సాగి, మిల్లు గోడ వరకూ తేలి, కరిగిపోతోంది. చివరికి ఇంజను నెత్తి మీద ఆమె వేలితో ఒక నీటిచుక్క వేసింది. చిటపటమని ఎగిరిపోతే వేడెక్కువైనట్టు, నింపాదిగా మరిగితే కుదిరినట్టు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి ఆ చుక్కనే చూశారు. అది నింపాదిగా మరిగింది. ఆమె ముంగురులు అతని చెంపకి తగిలాయి. ఉపేంద్రకి ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

"ఇంక రేపు దీన్ని ముట్టుకోనక్కర్లేదా?"

"అలగెలా కుదురుతాది? రేపు వానొస్తే గాలి మారిపోద్ది. నిన్న కుదిరినాదని ఇవాళ వదిలేస్తే ఇంజను పాడైపోద్ది. ఎప్పటికప్పుడు కొత్తగా ఇనాలి."

ఝాన్సీ స్క్రూడ్రైవరు గట్టు మీద పెట్టింది. "రేపు తాంబూలాలు వద్దని నాన్నకి సెప్పేస్తాను బావా."

విజయనగరంలో ఎవరైనా ఉన్నారా అని ఉపేంద్ర తడబడుతూ అడిగాడు. ఎవరూ లేరంది.

"నన్ను ఉయ్యాల్లో ఉన్నప్పుడు కుదిర్సినారు. ఆ తరవాత ఒక్కరైనా ఆగి ఇన్నారా? ఈ స్క్రూని ఇన్నిసార్లు అడిగినావు. నన్ను ఒక్కసారి అడిగినావా?"

"మన మధ్యన అడగడమేటి?" అన్నాడు ఉపేంద్ర. అనకూడని మాట వెతికి మరీ అన్నట్టయింది. ఆమె అలాగే వట్టి కాళ్లతో ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దుటికి వాన పట్టుకుంది. భీమశంకరరావు తడుస్తూ దిగాడు. ఝాన్సీ తండ్రిని పక్కకి పిలిచి చెప్పింది కూడా. ఆయన దాన్ని సిగ్గనుకుని, కూతురి నెత్తి మీద చెయ్యి వేసి నవ్వేశాడు. వచ్చిన నలుగురు చుట్టాలూ నవ్వారు. ఆమె తలుపు దగ్గర తల వంచుకుని నిలబడింది. ఇక నలుగురిలో నోరు విప్పదని ఉపేంద్రకి అర్థమైంది. తను ఊరుకుంటే చాలు. తాంబూలాల పళ్లెం చేతులు మారుతుంది, కలలు కన్న పిల్ల తనదైపోతుంది. ఆ ఊరుకోవడం ఎంత తేలికో తలుచుకుంటే అతనికే భయం వేసింది.

భీమశంకరరావు పళ్లెం చాచాడు. పార్వతీదేవి అందుకోవడానికి చేతులు పట్టింది.

"అమ్మా, అందుకోకు," అన్నాడు ఉపేంద్ర.

మేనమామ మొహం ఎర్రబడింది. నా కూతురికేం తక్కువని నిలదీశాడు. పరువు పోయిందని తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తక్కువ నాలో ఉన్నాది మావా. ఝాన్సీని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అది వద్దంటే వద్దే, ఎవరూ దాన్ని ఒక్క మాట అనకూడదు." ఆ మాట పూర్తి చేసి, తలుపు దాకా నడిచాడు.

ఝాన్సీ వసారాలోకి జరిగింది. కళ్లం మీద వాన ముత్యాలు దొర్లించినట్టు పడుతోంది. లోపల అందరూ చెవులు రిక్కించుకుని ఉన్నారని ఇద్దరికీ తెలుసు.

"నన్ను పెళ్లి సేసుకుంటావా?" అని అడిగాడు.

ఆమె చూరు నీళ్ల కింద అరచెయ్యి పెట్టి, అది నిండేదాకా చూస్తూ నిలబడింది. అతను ఆగాడు. జన్మలో అంత ఓపిగ్గా ఎప్పుడూ ఆగలేదు.

"ఇన్నేళ్లూ ఎందుకడగలేదు?" అంది చివరికి.

ఉపేంద్రకి అబద్ధం దొరకలేదు. "బయం. అడిగితే వద్దంటావేమోనని. అడక్కుంటే వద్దనడానికి నీకు వీలుండదు కదా."

"ఇప్పుడు వీలున్నాదా?"

"ఉన్నాది. పూర్తిగా."

ఝాన్సీ చేతిలో నీళ్లు వదిలేసింది. మొహం మీద తడి వానదో, కాదో అతను పోల్చుకోలేకపోయాడు. అయితే ఆమె నవ్వుతోంది.

"వీలున్నాది గాని బావా, వద్దనాలని లేదు," అని, తడి చేత్తో అతని చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.