పరాయి సీసా

“తాతా! ఆర్డరొచ్చె! గండికోట ఉత్సవాల స్టాళ్ళన్నిటికీ మన నన్నారి సోడానే అంట!”

అమూల్య ఫోన్ పైకెత్తి సోడా ఫ్యాక్టరీ షెడ్డంతా పరుగెత్తింది. రామలింగయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వయసులో ఉండగా ఆయన కర్నూలులో సుగంధి వేళ్ళ నన్నారి సోడాతో మొదలుపెట్టిన ‘బురుజు సోడా’ కంపెనీ, పెద్ద కంపెనీల కూల్‌డ్రింకులు వచ్చాక ఒక్కో ఊరే పోగొట్టుకుంటూ నాలుగు వీధులకు మిగిలింది. ఈ ఆర్డరు సరిగ్గా అందిస్తే మళ్ళీ నిలబడుతుంది. లేదంటే షెడ్డుకు తాళమే.

“శానా సంతోషం పాపా. సీసాలు యాడుండాయి?”

అమూల్య పరుగు ఆగింది. గాజు సీసాల్లోనే ఇవ్వాలని షరతు. ఉన్నవి సగానికి కూడా చాలవు. కొత్తవి చేయించి తెచ్చేసరికి ఉత్సవాలే అయిపోతాయి.

“కడప పెన్నమ్మ డ్రింక్స్ వాళ్ళ గోడౌన్ నిండా ఉండాయి తాతా. వాళ్ళ మిషను ఆగిపోయి శానా దినాలాయె. అడిగితే ఇస్తారు.”

“పరాయి సీసాలో నింపేదా? నేనుండంగ జరగదు.”

పెన్నమ్మ డ్రింక్స్ కన్యకమ్మది. పరాయి సీసాలో చుక్క కూడా నింపకూడదని ఆమే, రామలింగయ్యా ఎప్పుడో మాటిచ్చుకున్నారు. అంగళ్ళలో కలిసిపోయిన సీసాలను ఏటా రెండూళ్ళ నడుమనున్న చాగలమర్రి దగ్గర మార్చుకుంటారు. పోటీ ఎంత ముదిరినా ఆ మాట మాత్రం తప్పలేదు.

నిరుడు ఆ మార్పిడికి వెళ్ళిన అమూల్యకు ఎదురైంది కన్యకమ్మ మనవడు సుదర్శన్. పేరు అరిగిపోయిన ఒక సీసా కోసం చెరోవైపు పట్టుకుని పోట్లాడారు. వాన ముంచుకొచ్చి ఒకే టార్పాలిన్ కిందికి చేరాక, సీసా సంగతి ఇద్దరికీ గుర్తులేదు. అప్పటినుంచీ ఒకటే ఫోన్లు. ఇళ్ళల్లో చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

ఇప్పుడూ ఆ ఫోనే మోగింది. కంగారులో అమూల్య వేలు స్పీకర్ మీద పడింది.

“బంగారూ! ఆర్డరు రావచ్చని నిన్న నువ్వు మెసేజ్ పెట్టినప్పటి నుంచీ మా సీసాలన్నీ కడిగి పెడ్తాండా. నా చేతులు ఎట్ల నానినాయో చూస్తే నువ్వే ముద్దు పెడ్తావు!”

షెడ్డులో పనివాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

“ఎవురప్పా నువ్వు?” అన్నాడు రామలింగయ్య.

అటువైపు సీసా జారి భళ్ళున పగిలింది. “న... నమస్తే తాతా. సుదర్శన్. కన్యకమ్మ మనవణ్ణి.”

“కడగమని మీ అవ్వ చెప్పిందా?”

“లేదు తాతా. అవ్వయితే ‘ఆయప్ప మన సీసాలో నింపడు, ఊరికే నీళ్ళు దండగ’ అంటాంది.”

“మరి ఎందుకు కడుగుతాండావు?”

“మీరు ఒప్పుకుంటే ఆలస్యం కాగూడదని. మా సీసాల్లో నింపకపోయినా సరే... అమూల్య గెలవల్ల తాతా.”

రామలింగయ్య మనవరాలి వైపు తిరిగాడు. ఆమె బుగ్గలు కందిపోయి ఉన్నాయి.

“నీ మాటేంది పాపా? ఆర్డరా, ఈయప్పనా?”

“రెండూ కావాల తాతా!”

ఆయన మీసం కింద నవ్వు దాగలేదు. “పరాయి సీసాలో నింపనని మాటిచ్చినా. ఇచ్చినమాట ఇచ్చినట్లే ఉండాది. వియ్యాలవారు పరాయోళ్ళు ఎట్లయితారు?”

షెడ్డంతా ఈలలు. అమూల్య తాత మెడ చుట్టేసింది.

ఫోనులో గొంతు మారింది. “ఏమప్పా రామలింగయ్యా! పిల్లనడిగేకి నేను రావల్లగానీ, నువ్వే ఫోన్లో ఖాయం జేస్తాండావే!”

“నువ్వు ఇల్లు కదలొద్దు కన్యకమ్మా. రేపు పొద్దున్నే లారీ కట్టుకోని మేమే వస్తాం. ముందు తాంబూలాలు, మళ్ళా సీసాలు. సాయంత్రానికి ఈడ మిషను తిరగల్ల!”