తుమ్మెదలు రాని పొద

కొండమలుపు దగ్గరి ఆ పొద పేరెత్తితే చాలు, పొద్దుగూకాక ఎంత మొనగాడైనా చుట్టుదారి పట్టేవాడట. వంకాయకు దూరపు చుట్టం అది. మనిషెత్తు మొక్క, ఊదారంగు పూలు, అడవి మొత్తానికి అదొక్కటే. చీకటి పడితే అందులోంచి ఏదో మూలుగుతుందని చెప్పుకునేవారు. ఫారెస్టు గార్డు జారి లోయలో పడిపోయింది కూడా అక్కడే మరి.

ఆ గార్డు భార్య మొక్కల నర్సరీలో పనిచేసేది. ఆ సాయంత్రం పని ఓ పట్టాన తెమలలేదు. చూస్తే చుట్టుదారిలో కొండచరియ విరిగిపడింది. ఇంటికెళ్ళాలంటే మలుపే గతి.

దెయ్యం సంగతి ఎలా ఉన్నా, ఆమెను తినేస్తున్నది ఆఖరి రోజున మొగుణ్ణి అన్న మాట. "ఎప్పుడూ ఆ మొక్క దగ్గరే కాపలా! దాన్నే కట్టుకుని అక్కడే ఉండండి, పోండి!" ఆ మనిషి వెళ్ళాడు... మళ్ళీ రాలేదు. ఒక్కసారి కనిపిస్తే ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఆమె ఆరాటం.

పొగమంచు కమ్మేసింది. టార్చి వెలుతురు మూరెడు దూరం పోవడం లేదు. మలుపు తిరిగింది—

గుర్ర్ర్...

ఆ మోత ఆమెకు తెలుసు. రోజూ పొద్దున్నే అద్దం దగ్గర విన్నదే... మొగుడి గడ్డం ట్రిమ్మర్!

మోత ఆగింది. మళ్ళీ... గుర్ర్ర్.

"ఏవండీ..." అనబోయింది. ఇంకొకరైతే వెనక్కి చూడకుండా పరుగు లంకించుకునేవారే. ఆవిడ మాత్రం కొమ్మలు తోసుకుంటూ లోపలికే వెళ్ళింది.

తెల్లటి ఆకారం ఒకటి పూల మీదికి వంగి ఉంది... చప్పున తిరిగింది.

"ఎవరదీ... అమ్మాయ్, నువ్వా! హడలగొట్టి చంపావు కదే!"

మామగారు! ఒళ్ళంతా దుప్పటి, చేతిలో కొడుకు ట్రిమ్మర్.

ఆమె అక్కడే కూలబడింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఇదేం పని మావయ్యా, ఈ వేళప్పుడు?"

"పగలొస్తే పిచ్చోడంటారనీ..." ముసలాయన ట్రిమ్మర్ ఆపి జేబులో వేసుకున్నాడు. "వాడు చెప్పేవాడమ్మా. తుమ్మెద ఝుమ్మని ఊపితేనే ఈ పూలకి పుప్పొడి రాలుతుందట. ఇక్కడ తుమ్మెదలే లేకపాయె. కాయ కాయకపోతే ఈ జాతే పోతుందని ఒకటే బెంగ. ఈ మిషను ఆనించి చూస్తానన్నాడు... ఇంతలోనే..."

"అయితే ఆ మూలుగు మీదన్నమాట! ఊరందరికీ నిద్ర లేకుండా చేశారు." కళ్ళు తుడుచుకుంటూ టార్చి పైకెత్తింది. "కష్టం ఊరికే పోలేదులెండి. చూడండి, ఎన్ని కాయలో!"

నిజమే. కొమ్మకొమ్మకీ గుత్తులు... కొన్ని పండుబారాయి కూడా.

మామగారు ఒక గుత్తిని తడిమి చూశాడు.

"నేను ఇవాళే మొదటిసారి వచ్చానమ్మా..."

లోయవైపు కొమ్మల్లో సన్నగా ఝుమ్మంటోంది.

"ఏవండీ," అంది ఆమె, ఈసారి గట్టిగానే, "ఆ మాట మనసులో పెట్టుకోకండి..."

మోత ఠక్కున ఆగిపోయింది.