గడప మీద సాక్షి

ఆ సాయంత్రం వసంతమ్మ గడప మీద కూర్చోలేదు!

చిత్తూరు గిరింపేటలో వకీలు బాలసుబ్రమణ్యంగారి ఇల్లు తెలియనివాళ్లు ఉండరు. కోర్టు నుంచి వచ్చి, నల్లకోటు కొయ్యకు తగిలించి, కాళ్లు కడుక్కుని ఆయన ఉయ్యాల బల్ల మీద కూర్చోవడం, ఎదురుగా నడవ గడప మీద వసంతమ్మ కూర్చోవడం పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు. మర్నాడు కోర్టులో అవతలి పక్క సాక్షిని ఏమేం అడగాలో ఆయన ముందు ఆమెను అడిగి చూసుకునేవాడు. "నువ్విప్పుడు గట్టు జరిపిన రైతువి. చెప్పు, ఆ పొద్దు వాన పడిందా లేదా?" అంటే ఆమె కొంగు నడుముకు దోపి, గొంతు బొంగురు చేసి, అచ్చం ఆ రైతులాగే నసిగేది. ఒకరోజు కరణం, ఒకరోజు మేకను పోగొట్టుకున్న ముసలమ్మ... ఆమె చదువు ఐదో తరగతితో ఆగింది గానీ, మనుషులను ఆమె చూసినట్టు ఇంకొకరు చూడలేరు. ఆమె తడబడిన చోటే సాక్షి కూడా తడబడతాడని ఆయన నమ్మకం. "మా ఇంటి గడప మీద గెలిచినానంటే కోర్టులో గెలిచినట్టే" అని తోటి వకీళ్లతో గొప్పగా చెప్పుకునేవాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో అదే వాళ్ల ముచ్చట, అదే వాళ్ల సరసం!

ఆ రోజు ఆయన కంటే ముందు గుమాస్తా మునిరామయ్య బెల్లం బుట్ట భుజాన పెట్టుకుని వచ్చాడు.

"అమ్మా, బెల్లం మండీ కుప్పుస్వామి పంపినాడు. కేసు గెలిచినాము! ఏమడిగినాడమ్మా అయ్య... ఒకే ఒక్క మాట! కోర్టంతా గమ్మునైపోయింది."

"ఏ కేసు మునిరామయ్యా?" మజ్జిగ గ్లాసు అందిస్తూ అడిగింది వసంతమ్మ.

"అదేనమ్మా... నేను కుప్పుస్వామి పెండ్లాన్ని, నన్నూ నా బిడ్డనూ తరిమేసి ఇంకొకదాన్ని తెచ్చుకున్నాడు, భరణం ఇప్పించండి అని ఒకామె కోర్టుకెక్కింది గదా. మునిలక్ష్మి అని. అయ్య లేసి, 'నీకు తొమ్మిదో ఏట మీ మేనమామ చిన్నబ్బ తాళి కట్టినాడా లేదా? ఆయన ఇంకా కోలారులో బతికే ఉండాడా లేదా?' అని అడిగినాడు. అంతే, ఆ యమ్మ బోనులో కొయ్యబారిపోయింది. మొదటి మొగుడు బతికుండంగా కట్టిన తాళి చెల్లదంట. ఆమె వరకు అర్జీ కొట్టేసినారు. బిడ్డ సంగతి ఇంకొక వాయిదాకు పెట్టినారు. ఎవుడో ఎనకాల నుంచి 'ఇంకా ఎన్ని తాళిబొట్లు దాచిపెట్టినావు మే' అన్నాడు. ఒకటే నవ్వులు!"

వసంతమ్మ చెంబు కింద పెట్టేసింది. "ఆ పిల్ల... ఆ పిల్ల ఏమనింది?"

"ఏమనలేదమ్మా. కండ్లనీళ్లు కూడా రాలేదు. 'వసంతక్కా...' అనింది, ఇంత సన్నగా. వసంతక్క ఎవురు అని మెజిస్ట్రేటు అడిగినాడు. ఆ యమ్మ నోరు తెరవలేదు..."

అంతవరకు చెప్పి మునిరామయ్య ఆమె ముఖం చూశాడు. అప్పుడు తట్టింది అతనికి. సగం తాగిన మజ్జిగ అరుగు మీద పెట్టి, చెప్పుల కోసం వెదుక్కుంటూ వెళ్లిపోయాడు.

వసంతమ్మ ఆ బెల్లం బుట్ట పక్కనే కూలబడిపోయింది. భగవంతుడా... ఎంత పని చేశాను!

మునిలక్ష్మిది కార్వేటినగరం పక్కన వసంతమ్మ పుట్టిన పల్లె. చీమిడి ముక్కుతో వెంటపడి తిరిగే ఆ పిల్లను వసంతమ్మే చంకనెత్తుకుని మోసింది. ఆ చనువుతోనే అది వాయిదాకు ముందు పెరటి తలుపు తోసుకుని వచ్చింది. చంకలో బిడ్డ, కొంగులో మునగాకు. "మీ ఆయన అవతల పక్క నిలబడినాడు, సరే. అట్లని మా ఊరి ఆడబిడ్డ మొగుడు నాకు బావ కాకుండా పోతాడా అక్కా?" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఎవరికీ చెప్పనిదంతా చెప్పుకుంది... తొమ్మిదో ఏట మేనమామ తాళి కట్టడం, ఆయన కోలారు బంగారు గనుల్లో పనికి పోయి అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టడం, ఊరి పెద్దలు కూర్చుని ఆ తాళి తీయించి పుట్టింటికి పంపడం. అప్పటికి ఆ పిల్ల పెద్దమనిషి కూడా కాలేదు! ఆ పెద్దల్లో ఇప్పుడు ఒక్కరూ లేరు. పెళ్లాం చనిపోయిన కుప్పుస్వామి తిరుత్తణి కొండ మీద ఆ పిల్లకు తాళి కట్టేటప్పుడు ఈ మాట చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. "ఇది బయటపడకూడదని మా వకీలు ఒట్టేయించుకున్నాడు. నువ్వు గాబట్టి చెబతా ఉండా అక్కా. రాజీ చేయమని మాత్రం బావకు ఒక మాట చెప్పు. నా కడుపు ఎట్లనో నింపుకుంటా... ఈ బిడ్డకు పాలు యాడ తెచ్చేది?"

అదే సాయంత్రం బాలసుబ్రమణ్యం ఉయ్యాల మీద కూర్చుని, "వసంతా, నువ్విప్పుడు మునిలక్ష్మివి. చెప్పు, కుప్పుస్వామి నీకేమవుతాడు?" అన్నాడు.

ఇంతకంటే మంచి సమయం దొరుకుతుందా అనుకుంది వసంతమ్మ! ఆయన ఏదో రాజీ మాట వింటే చాలదు, మనసు కరగాలి అనుకుంది. ఆ పిల్ల గొంతులోకి దూరిపోయింది. మునిలక్ష్మిలాగే తల వంచుకుని, మునిలక్ష్మిలాగే ముక్కు చీదుకుంటూ, ఆ పసితనపు తాళి దగ్గర నుంచి అంతా చెప్పేసింది. ఆయన కాలు నేలకు ఆనించి ఉయ్యాల ఆపాడు. "ఏమంటివి? ఇంకొకసారి చెప్పు" అన్నాడు. కరిగాడనుకుంది పిచ్చిది! ఇంకా వివరంగా, మేనమామ పేరుతో, ఊరి పేరుతో సహా మళ్లీ చెప్పింది. చెప్పి, కొంగుతో కళ్లొత్తుకుని, ఆయనకు తమలపాకులు కూడా చుట్టి ఇచ్చింది...

ఇప్పుడు ఆయన చెప్పులు విడిచిన చప్పుడు వినబడింది. "వసంతా! రా, కూర్చో" అన్న పిలుపు వినబడింది. ఎంత హుషారుగా ఉంది ఆ గొంతు! ఆమె వంటింటి వాకిట్లోనే నిలబడిపోయింది.

"ఆ పిల్లను ఎందుకట్ల చేసినారు?"

ఆయన ముఖంలో హుషారు తగ్గింది. "నేనేమీ కల్పించలేదు. ఉన్నదే అడిగినాను."

"ఆ ఉన్నది మీకు సాక్షి చెప్పలేదు. మీ పెండ్లాం చెప్పింది!"

"తెలిసి తెలిసి అడక్కుండా ఊరకుంటే కక్షిదారుణ్ణి ముంచినట్టు గాదా? కుప్పుస్వామి నన్ను నమ్మి వకాల్తా ఇచ్చినాడు వసంతా."

"ఆ పిల్ల నన్ను నమ్మింది..."

ఆయన తిని లేచాడు. ఆమె విస్తరి వేసుకోలేదు. బెల్లం బుట్టకు చీమలు పట్టాయి.

మరునాడు పూలమ్మే ఆమె దగ్గర మూర కొలిపించుకుంటూ, ఎదురింటి వకీలు భార్య చంద్రకాంతమ్మ కిసుక్కున నవ్వింది. "ఏం వసంతమ్మా, మీ ఆయనకు సగం కోర్టు పని నువ్వే చేసి పెడతా ఉండావంట గదా! ఇంక మా ఇంట్లో కూర మాడిన సంగతి కూడా నీకాడ చెప్పాలంటే భయం తల్లీ!" నవ్వులాటకే అంది. కానీ కొళాయి దగ్గర బిందెలు పట్టుకుంటున్న ఆడవాళ్లు ఆమెను చూసి నిజంగానే మాటలు ఆపారు. వసంతమ్మ ఖాళీ బిందెతో ఇంటికి తిరిగి వచ్చింది. తన నోరు తనకే అసహ్యంగా తోచింది!

తట్టుకోలేక ఒక మధ్యాహ్నం సంతపేటలో మునిలక్ష్మి అద్దెకుంటున్న గదికి వెళ్లింది. అది నేల మీద కూర్చుని కూలికి చింతపండు కొడుతోంది. బిడ్డ పక్కన గోనె మీద నిద్రపోతోంది. మునిలక్ష్మి లేవలేదు, కూర్చోమనీ అనలేదు. రాతి మీద చింతకాయ పెట్టి, సుత్తితో కొట్టి, గింజ తీసి పడేస్తూ ఉంది. తల ఎత్తకుండానే అంది.

"నేను చెప్పలేదు అని ఒక్క మాట అనక్కా. ఒట్టేయొద్దు. ఊరికే అను చాలు, నమ్మేస్తాను."

వసంతమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఎంత తేలిక ఆ మాట అనడం! గడప మీద కూర్చుని ఎందరి అబద్ధాలు ఆడలేదు తను... "నేనే చెప్పినాను మునీ... నీ మేలుకే అనుకుని..."

"మేలుకే..." మునిలక్ష్మి ఇంకొక కాయ అందుకుంది. "బిడ్డ వాయిదా వస్తా ఉండాది. ఈ బిడ్డ ఎవురిదని బావ అడగతాడంట గదా. నీకాడ ఇంకేమన్నా చెప్పినానేమోనని తలకాయ పగిలేటట్టు గుర్తు చేసుకుంటా ఉండానక్కా."

తెచ్చిన అరటిపళ్లు గుమ్మం దగ్గర పెట్టి, వసంతమ్మ ఎలా ఇల్లు చేరిందో ఆమెకే తెలియదు.

వాయిదాకు ముందు సాయంత్రం కుప్పుస్వామి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "సామీ, ఆ బిడ్డ కూడా నాది కాదనండి. దాని మాట ఇంకెవురు నమ్ముతారు? ఒక దెబ్బతో పీడ వదిలిపోతుంది" అని, పొద్దున్నే కారు తెస్తానని చెప్పి వెళ్లాడు. తలుపు వెనక వసంతమ్మ అంతా వింది.

బాలసుబ్రమణ్యం ఉయ్యాల ఎక్కి కాసేపు ఊగాడు. తర్వాత, అలవాటు కొద్దీ కాబోలు, మెల్లగా పిలిచాడు. "వసంతా..."

ఆమె వచ్చింది. కానీ గడప మీద కూర్చోలేదు.

"లెయ్యండి."

"ఏమిటే?"

"మీరు గడప మీద కూర్చోండి. ఈ పొద్దు అడిగేది నేను."

ఊరంతా లేచి నిలబడి దండం పెట్టే మనిషి! ఆమె ముఖం చూసి ఏమనుకున్నాడో, పంచె సర్దుకుని, మోకాళ్లు పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. వసంతమ్మ జీవితంలో మొదటిసారి ఆ ఉయ్యాల బల్ల అంచున కూర్చుంది. అది కదలకుండా కాలు నేలకు ఆనించింది.

"మీరిప్పుడు వకీలు బాలసుబ్రమణ్యం. చెప్పండి, ఆ బిడ్డ ఎవురి బిడ్డ?"

ఆయన నెమ్మదిగా అన్నాడు. "కక్షిదారుడు నాకు చెప్పుకున్నది నేను బయట పెట్టకూడదు వసంతా. అది మా వృత్తి ధర్మం. నీకు తెలీనిది కాదు."

"మంచిది. కుప్పుస్వామి మీతో చెప్పింది ప్రాణం పోయినా బయటికి రాకూడదు." ఆమె ఉయ్యాల మీద ముందుకు వంగింది. "మీ పెండ్లాం మీతో చెప్పింది మాత్రం రావచ్చునా?"

ఆయన నోరు తెరిచాడు. ఎన్ని ప్రశ్నలకు ఎదురు ప్రశ్న వేసిన నోరు అది! ఆమె ఆగలేదు.

"ఇన్నేండ్లు నేను ఆ గడప మీద కూర్చున్నది మీ పెండ్లాన్ని అనుకుని... మీరు నన్ను సాక్షిగానే చూసినారా? ఆ పిల్ల నిండు కోర్టులో నా పేరు పిలిచిందంట. మీరు విన్నారు గదా. చెప్పండి, ఆ పేరు ఎవురిదో మీకు తెలీదా?"

"తెలుసు..." ఆయన తల వంచుకున్నాడు. "విన్నాను. విని కూడా కాగితాలు సర్దుకుంటా ఉండిపోయినాను."

ఆయన కళ్లెత్తి ఉయ్యాల మీద ఉన్న భార్యను, మళ్లీ కింద తనున్న చోటును చూసుకున్నాడు. "ఈడ నుంచి చూస్తే మనిషి ఎంత ఎత్తులో కనపడతాడే..." అన్నాడు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. ఆమెకు ఆయన మీద జాలి కలిగింది, కానీ లేచి దగ్గరకు వెళ్లలేదు. ఆ సిగ్గు ఇద్దరిదీ. ఎవరి పాలు వాళ్లు మోయాల్సిందే!

పొద్దున్నే కుప్పుస్వామి కారు వచ్చింది. బాలసుబ్రమణ్యం కోటు వేసుకుని అరుగు మీదకు వచ్చాడు.

"కుప్పుస్వామీ, కారు ముందు కాణిపాకానికి తిప్పు."

"ఎందుకు సామీ?"

"తలకు పోసుకుని, తడిబట్టలతో వినాయకుడి ముందర నిలబడి, 'ఆ బిడ్డ నాది కాదు' అని ఒక్క మాట అను. అంటే ఈ పొద్దు కోర్టులో ఆ మాటే అడగతాను."

బోనులో చెయ్యెత్తి ఎన్ని ప్రమాణాలైనా చేసే కుప్పుస్వామి ముఖం పాలిపోయింది. ఆ దేవుడి ముందు అబద్ధం ఆడి బాగుపడినవాణ్ణి ఈ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. "కోర్టు పనికీ కాణిపాకానికీ ముడి పెడతారేంది సామీ..." అని గొణిగాడు.

"అయితే వకాల్తా ఇంకొకరికి ఇచ్చుకో అప్పా. నేను నిలబడను."

కుప్పుస్వామి కండువాతో మెడ తుడుచుకున్నాడు. చెప్పులోని కాలి బొటనవేలు చూసుకున్నాడు. "ఎందుకొచ్చిన గొడవ... బిడ్డ నాదేనని చెప్పేయండి. దానికైతే ఇస్తాను. ఆ తల్లికి మాత్రం కాదు" అన్నాడు.

అలాగే జరిగింది. బిడ్డకు భరణం తేలింది. తల్లికి పోయిన పరువు మాత్రం ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు. కుప్పుస్వామి తన మిగతా కేసులన్నీ వేరే వకీలు దగ్గరకు పట్టుకుపోయాడు. వకీలుగారికి పదును తగ్గిందని బజారులో అనుకున్నారు. ఆ మాట ఆయన చెవినా పడింది.

ఆ వారంలోనే ఒక పొద్దున వసంతమ్మ ముంగిట్లో ముగ్గు వేస్తుంటే ఎవరో వచ్చి నిలబడ్డారు. మునిలక్ష్మి! చంకలో బిడ్డ. వసంతమ్మ ముగ్గు చిప్ప వదిలేసి లేచింది.

"అమ్మా, అయ్యగారు ఉండారా? బిడ్డ సంగతికి ఒక దండం పెట్టుకుని పోదామని వచ్చినాను."

అమ్మా... అక్కా కాదు! వసంతమ్మ ఆ పిలుపును గుటక వేసినట్టు మింగింది. "లోపలికి రా మునీ. పెరటి తలుపు తీసే ఉండాది..."

"వద్దులేమ్మా. కక్షిదారులు వచ్చే దోవ ఇదే గదా."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ కోసుకుపోయింది. ఆయన బయటకు వచ్చాడు. మునిలక్ష్మి మెట్ల కిందే నిలబడి దండం పెట్టింది. ఆ పెద్దమనిషి ఆ దండం అందుకోలేక ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అంతలో బిడ్డ ముందుకు వంగి, వసంతమ్మ ముగ్గుపిండి చేతిని పట్టుకుని గాజులు లాగింది. మునిలక్ష్మి చూసింది. బిడ్డను వెనక్కు లాక్కోలేదు. లాక్కోలేదు, అంతే! గాజులు వదిలేదాకా ఆగి, తిరిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో గడప మీద ఎవరినీ ఎవరూ ప్రశ్నలడగలేదు. సాయంత్రాలు ఇద్దరూ ఉయ్యాల మీదే పక్కపక్కన కూర్చునేవాళ్లు. పొద్దుగూకేటప్పుడు బాలసుబ్రమణ్యం ఒకరోజు అన్నాడు. "పెరటి తలుపు తీసే పెట్టినావే. కుక్కలొస్తాయి, గడియ పెట్టేదా?"

"వద్దండి" అంది వసంతమ్మ. "వచ్చేవాళ్లు వస్తే తట్టే పని లేకుండా ఉండనీండి."

ఆయన లేచి వెళ్లి, గాలికి మూసుకుపోకుండా ఆ తలుపుకు ఒక రాయి అడ్డం పెట్టి వచ్చాడు.