లంకలో నా వంతు

పొద్దు పొడిచాక ఏరియేటర్లు ఆపడం లక్ష్మీనరసమ్మ పని. రాత్రంతా రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిమ్ముతూ తిరిగిన రెక్కలు, ఆవిడ స్టార్టరు నొక్కగానే నెమ్మదించి ఒక్కొక్కటే ఆగిపోతాయి. ఆ తర్వాత కూడా చాలాసేపు చెవుల్లో ఆ మోత ఉంటుంది. అది తగ్గేదాకా ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు.

ఆ రోజూ అలాగే గట్టు దిగి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. కూతురు భవ్య భీమవరంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. తయారై బల్ల దగ్గర కూర్చుంది కానీ ఇడ్లీ ముట్టుకోలేదు. ఫోను చూస్తోంది.

"చల్లారిపోతున్నాయే. ఏంటి, అంతలా మునిగిపోయావు?"

"అమ్మా, నాన్న వీడియో వచ్చింది."

"ఆయనకి ఫోనే లేదు, వీడియో ఏంటి?"

"ఎవరో లంకకి వెళ్ళి తీశారు. కరెంటు లేకుండా బతుకుతున్న రాజుగారు అని పెట్టారు. మా స్టాఫ్‌రూంలో అందరూ నాకే పంపిస్తున్నారు. మీ నాన్నగారు ఋషండీ అంటున్నారు."

"ఋషే మరి. పెళ్ళాం రొయ్యలకి మేత వేస్తుంటే ఏ మొగుడైనా ఋషే అవుతాడు. ఏదీ, చూపించు."

భవ్య కాస్త తటపటాయించి ఫోను ఇచ్చింది. తెరమీద గోపాలరాజు రెల్లుగడ్డి పాక ముందు కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. ఒళ్ళు తేలికపడింది. ఇసుకలో తవ్వుకున్న చెలమ, పెంచుకున్న బీరపాదు, తుమ్మపుల్లల పొయ్యి అన్నీ చూపించాడు. కరెంటు లేకుండా ఎలా ఉంటున్నారండీ అని ఎవరో అడిగారు.

"కరెంటు ఉన్నన్నాళ్ళూ నాకు నిద్ర లేదు బాబూ. ఇక్కడికొచ్చాకే పట్టింది."

"ఇంటి దగ్గర ఎవరున్నారండీ?"

భవ్య చెయ్యి చాచి ఫోను లాక్కోబోయింది. నరసమ్మ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"మా ఆవిడ, అమ్మాయి. అబ్బాయున్నాడు, హర్ష. చెరువులన్నీ వాడే చూసుకుంటాడు" అన్నాడు గోపాలరాజు, నవ్వు ముఖంతో.

వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఇద్దరూ కదల్లేదు.

హర్ష పోయి రెండేళ్ళయింది. రొయ్యల పట్టుబడి దగ్గరపడిన రోజుల్లో, ఒక తెల్లవారుజామున, ఒక ఏరియేటరు రెక్కకి వలముక్క చుట్టుకుని ఆగింది. వాళ్ళ చెరువులో అన్ని ఏరియేటర్లూ ఒకే స్టార్టరు మీద తిరుగుతాయి. ఒకదాన్ని బాగుచెయ్యాలంటే అన్నింటినీ ఆపాలి. ఆపితే గాలి చాలక రొయ్య పైకి తేలుతుంది. అందుకే ఆ గట్ల మీద ఎవరూ స్టార్టరు ఆపరు. కరెంటు ఉండగానే నీళ్ళలోకి దిగి, జాగ్రత్తగా వలముక్క లాగేసి వచ్చేస్తారు. గోపాలరాజు ముప్ఫై ఏళ్ళు అలాగే దిగాడు. ఆయన్ని చూసి కొడుకూ దిగాడు. ఆ రోజు నీళ్ళలో ఎక్కడో వైరు తోలు ఊడి ఉంది.

అస్థికల ముంతను ఇంట్లోకి తేకూడదని వాకిలి బయట చెట్టుకు కట్టారు. దాని మూతికి గుడ్డ కావాలంటే నరసమ్మే హర్ష తెల్లపంచె చింపి ఇచ్చింది. గోదావరిలో కలపడానికి తానూ వస్తానంది. ఆడవాళ్ళు రాకూడదన్నారు పెద్దలు. గోపాలరాజు ఒక్కడే ముంత పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. పని అయిపోయిందనీ, మనసు బాగోక సిద్ధాంతం ఊరికి ఎగువన గోదావరి మధ్య లంకలో ఉన్నాననీ, నాలుగు రోజుల్లో వస్తాననీ కబురు పంపాడు. పెద్దకర్మ ఆయన అన్నకొడుకు చేతుల మీదుగా జరిగింది. నాలుగు రోజులు రెండేళ్ళయ్యాయి. వరదలప్పుడు పడవవాడి అరుగు మీద తలదాచుకుని, నీరు తియ్యగానే మళ్ళీ లంకకే పోయేవాడట. భవ్య అప్పుడప్పుడు బియ్యం, పప్పు పట్టుకెళ్ళి చూసొచ్చేది. నరసమ్మ మాత్రం వెళ్ళలేదు. నడిచి వెళ్ళిన మనిషి నడిచే రావాలంది.

రొయ్యకి మైల పట్టదు. కొడుకు పోయిన సాయంత్రం కూడా ఎవరో ఒకరు ఏరియేటర్లు వెయ్యాలి. వేసింది నరసమ్మే. అప్పట్నుంచీ రోజూ ఆవిడే వేస్తోంది.

"కాలేజీకి సెలవు చెప్పు. కారు తియ్యి" అంది ఆవిడ, పొయ్యి తుడుస్తూ.

గట్టు మీద పనిచేసే బుల్లబ్బాయిని పిలిచి మేత సంగతి అప్పగించింది. "ఆయ్, నేను చూసుకుంటానండి. తమరు నిమ్మళంగా వెళ్ళిరండి" అన్నాడతను. ఎక్కడికని అడగలేదు.

సిద్ధాంతం రేవులో పడవవాడు జాషువా భవ్యను చూసి నవ్వాడు. పక్కనున్న ఆవిడ ఎవరో అతనికి తెలియదు.

"ఈవిడగారు కూడా వీడియోకేనాండీ? వారం నుంచి నా పడవకి ఖాళీ లేదండి. రాజుగారి పుణ్యమా అని రేవులో సోడాబండి కూడా పెట్టారు."

"నేను రాజుగారి భార్యని" అంది నరసమ్మ.

జాషువా తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. పొడవాటి గెడ అందుకుని పడవను లంక వైపు తోశాడు.

లంకలో మనిషెత్తు రెల్లు. దాన్ని చీల్చుకుని వెళ్ళే సన్నటి దారి చివర పాక. పాక ముందు ఊడ్చి నీళ్ళు చల్లి ఉంది. గోపాలరాజు చిక్కుడు పందిరికి తాడు కడుతున్నాడు. భార్యను చూసి తాడు వదిలేశాడు. నరసమ్మ ఆయన్ని పైనుంచి కిందదాకా చూసింది. కళ్ళ కింద నలుపు పోయింది. షుగరు మందులు మానేశానని వీడియోలో చెప్పింది నిజమే కావచ్చు. మనిషి బాగున్నాడు. అన్నిటికంటే ముందు ఆవిడకు గుచ్చుకున్నది అదే.

"వచ్చావా" అన్నాడు. "కూర్చో. మంచినీళ్ళిస్తాను."

"నీళ్ళకి రాలేదండి. మన అబ్బాయి చెరువులు చూసుకుంటున్నాడంట కదా, ఆ కబురు చెప్పిపోదామని వచ్చాను."

"వాళ్ళు అడిగారు. నోటికేదొస్తే అది..."

"నోటికి అదెలా వచ్చిందండీ?"

నరసమ్మ ముఖం కడుక్కోవాలని చెంబు తీసుకుని పాక వెనక్కి వెళ్ళింది. "అమ్మా, అటు వద్దు, ఇక్కడే..." అంటూ భవ్య వెంటపడింది. అప్పటికే ఆలస్యమైంది.

పాక వెనక తుమ్మచెట్టు కొమ్మకు ముంత వేలాడుతోంది. మూతికి కట్టిన తెల్లపంచె గుడ్డ ఎండకీ వానకీ మాసిపోయింది. అంచు మీద సన్నటి ఆకుపచ్చ గీత ఇంకా ఉంది. చెంబు ఇసుకలో పడింది.

"నీకు తెలుసా?" అంది కూతురితో.

భవ్య తలవంచుకుంది. "చెప్పొద్దన్నారమ్మా. చెబితే నువ్వు తట్టుకోలేవని..."

"బాగుంది. ఇద్దరూ కలిసి వాణ్ణి నాకు కనపడకుండా దాచారన్నమాట. నాకు కొడుకు పోయాడనుకున్నాను. నాకొక్కదానికే పోయాడని తెలీదు."

గోపాలరాజు వచ్చి కాస్త దూరంలో నిలబడ్డాడు. "కలపాలనే వచ్చాను నరసమ్మా. పడవ మధ్యకెళ్ళింది. చెయ్యి వదల్లేదు. కాసేపు లంకలో కూర్చుని వెళ్దాం రండి అన్నాడు జాషువా. కూర్చున్నాను. అంతే. లేవలేకపోయాను."

"లేచి బీరపాదు పెట్టారుగా."

"ఏదో ఒకటి చెయ్యకపోతే చచ్చిపోయేవాణ్ణే."

"నేనూ అంతేనండి. నాకు పాదులు దొరకలేదు, స్టార్టరు దొరికింది. వాణ్ణి పొట్టనబెట్టుకున్న ఆ స్టార్టరుని రోజూ సాయంత్రం నా చేత్తో నొక్కుతున్నాను. మీకు నిద్ర పట్టిందని లోకమంతా మెచ్చుకుంటోంది. నాకు పట్టిందా అని మీరైనా ఒక్కసారి అడిగారా?"

"ఆ వీడియో కుర్రాళ్ళకి వాడు పోయాడని చెబితే, ఎలా పోయాడని అడుగుతారే. ఎలా పోయాడంటే, నన్ను చూసి నేర్చుకుని పోయాడని చెప్పాలి. ఆ మాట నా వల్ల కాలేదు."

ఏటి మీద గాలి రెల్లును వంచి లేపింది. భవ్య ఏడుస్తోంది. నరసమ్మ ఏడవలేదు. చెంబు తీసి, ఇసుక దులిపి, పాక అరుగు మీద పెట్టింది.

"మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్దామని వచ్చాను. ఇప్పుడా మాట అనను. మీరు వెళ్ళండి. నేనుంటాను."

"నువ్వా? ఇక్కడా?"

"రెండేళ్ళు వాడి దగ్గర మీరున్నారు. ఇప్పుడు నా వంతు."

"పాములు తిరుగుతాయే."

"తిరగనీండి."

"చెరువు దగ్గరికి నేను పోలేను నరసమ్మా. ఆ గట్టు మీద కాలు పెట్టడం నా వల్ల కాదు."

"నా వల్ల అవుతుందా అని నన్నెవరూ అడగలేదండి" అంది ఆవిడ. "సాయంత్రానికి ఏరియేటర్లు వెయ్యాలి. పొద్దు పోకముందే బయల్దేరండి."

గోపాలరాజు లోపలికెళ్ళి చొక్కా వేసుకుని వచ్చాడు. అది ఆయనకు వదులైంది.

తండ్రీకూతుళ్ళు వెళ్ళాక జాషువా భార్య సువార్తమ్మ తోడు పడుకోవడానికి వచ్చింది. పగలు వాళ్ళ గేదెలు ఆ లంకలోనే మేస్తాయి. మొదట్లో నరసమ్మకు ఆ నిశ్శబ్దం భరించరానిదైంది. మోత లేకపోతే చెవులు దాన్ని వెతుక్కునేవి. చెలమలో నీళ్ళు తోడుకోవడం, పుల్లలు ఏరుకోవడం, పొగలో కళ్ళు తుడుచుకుంటూ గంజి కాచుకోవడం. పని అయ్యాక తుమ్మచెట్టు కింద కూర్చునేది. ఒకనాడు ఉన్నట్టుండి ముంతతో మాట్లాడింది.

"చెప్పులన్నా వేసుకోకుండా దిగావేంట్రా?"

అన్నాక తన గొంతు తనకు వినపడింది. రెండేళ్ళూ ఏరియేటర్ల మోతలో ఎంత ఏడ్చినా తనకే వినపడేది కాదు. ఇక్కడ వినపడుతోంది. ఆవిడ ఇసుకలో కూలబడి, ఊరూ వాడా వినేలా ఏడ్చింది. వినడానికి ఊరు లేదు, గేదెలు తలెత్తి చూశాయి.

సువార్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "రాజుగారు కూడా ఇలాగే మాట్టాడేవోరండి ఆ చెట్టుతో. మేం ఇననట్టే ఉండేవోళ్ళం."

"ఏడ్చేవారా?"

"మొదటేడాదంతా అదేనండి. వీడియోలోళ్ళు ఆలస్యంగా వచ్చారు."

ఆ మధ్యాహ్నం నరసమ్మ చెట్టునీడలోనే నిద్రపోయింది. లేచేసరికి సువార్తమ్మ తన చీరకొంగుతో ఈగలు తోలుతోంది. భర్తను క్షమించానని ఆవిడ అనుకోలేదు. ఆ మాట ఇంకా దూరంగానే ఉంది. ఆయన ఇక్కడ ఎందుకు ఉండిపోయాడో మాత్రం ఒంటికి తెలిసింది.

వారం దాటాక ఒక పొద్దున పడవలో గోపాలరాజు ఒక్కడే వచ్చాడు. గడ్డం గీయించుకున్నాడు. గోళ్ళలో చెరువు అడుగు బురద ఉంది. కళ్ళ కింద నలుపు మళ్ళీ వచ్చింది.

"చెరువు దగ్గరెవరున్నారు?" అంది నరసమ్మ.

"బుల్లబ్బాయి." ఆయన పాక అరుగు మీద కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ అన్నాడు. "మొన్న తెల్లవారుజామున ఒక ఏరియేటరు ఆగింది. ఆ చెరువులోనే."

ఆవిడ వచ్చి అరుగు మీద పక్కన కూర్చుంది.

"స్టార్టరు ఆపి దిగాను."

నరసమ్మ అరుగు అంచు పట్టుకుంది.

"రొయ్య తేలుతుందండీ అయ్యగారండీ అని బుల్లబ్బాయి ఒకటే కేకలు. తేలనీరా అన్నాను. కొంత తేలింది, కొంత చచ్చింది. ఏం కాలేదే నరసమ్మా. ఏమీ కాలేదు. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట ఒక్కసారి అని ఉంటే, వాడు పక్కనే నిలబడి విని ఉండేవాడు."

అది నిజమే. ఆవిడ లేచి పాక వెనక్కి వెళ్ళి, ముంతను తానే విప్పి తెచ్చింది. పడవ దగ్గరికి నడుస్తుంటే ఆయన వెనకనుంచి, "ఆడవాళ్ళు..." అని ఆగిపోయాడు.

"ఆ మాట అన్నవాళ్ళెవరూ ఈ పడవలో లేరు" అంది.

పాయ మధ్యలో జాషువా గెడ ఆపాడు. మూతిగుడ్డ ముడి బిగిసిపోయింది. ఆయన పట్టుకుంటే ఆవిడ పళ్ళతో విప్పింది. నాలుగు చేతులూ ముంత మీదే ఉన్నాయి. ఎవరు వంచారో ఇద్దరికీ తెలియదు. బూడిద కాసేపు నీటి మీద తెల్లగా తేలి కిందికి సాగిపోయింది. ఆకుపచ్చ గీత ఉన్న గుడ్డ మాత్రం నరసమ్మ పిడికిట్లో ఉండిపోయింది. ఆవిడ దాన్ని వదల్లేదు, ఆయన వదలమనలేదు.

"ఎటు పొమ్మంటారండీ?" అన్నాడు జాషువా మెల్లగా.

"రేవుకే" అంది నరసమ్మ. "పాక మాత్రం ఉండనీ జాషువా. ఎప్పుడైనా మళ్ళీ నా వంతు రావచ్చు."

రేవులో దంపతులిద్దరు పడవ కోసం ఎదురుచూస్తున్నారు. రాజమండ్రి నుంచి వచ్చారట. గడ్డం లేకపోయినా గోపాలరాజును ఆ ఇల్లాలు గుర్తుపట్టింది.

"మీరే కదండీ వీడియోలో! అదృష్టవంతులండి. అబ్బాయికి అన్నీ అప్పజెప్పి ఎంత హాయిగా ఉన్నారో!"

నరసమ్మ ఒడ్డున అడుగు పెట్టబోతూ ఆగింది.

గోపాలరాజు ఆమెకు చేతులు జోడించాడు. "అబ్బాయి లేడమ్మా" అన్నాడు. "కరెంటు కొట్టి చెరువులో పోయాడు. స్టార్టరు ఆపకుండా దిగాడు. నన్ను చూసే నేర్చుకున్నాడు."

నరసమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండేళ్ళుగా ఆ మాట కోసమే తాను కాచుకుని ఉందని అప్పుడు తెలిసింది. వస్తే కడుపు చల్లబడుతుందనుకుంది. చల్లబడలేదు. ఆయన దగ్గరికి వెళ్ళి మోచెయ్యి పట్టుకుంది.

"పదండి. పొద్దెక్కింది. బుల్లబ్బాయి ఒక్కడే ఉన్నాడు."

"నువ్వు ఇంటికెళ్ళి పడుకో" అన్నాడు గోపాలరాజు. "సాయంత్రం ఏరియేటర్లు నేను వేస్తాను."