స్తంభాల్లో నీళ్ళు

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో నేను తారుమారు చేసి ఉండొచ్చు. ఏడాదిగా నాకు అలాగే అవుతోంది. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచి ఇంకో గిన్నెలో పాలు పోస్తాను. బందరులో నన్ను చూసే డాక్టరుగారు కొన్ని మాటలు చెప్పి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, వాటిని మళ్ళీ చెప్పమన్నారు. ఒక మాట దొరకలేదు. అది గొడుగట. ఇంటికి చేరేదాకా ఆటోలో గొడుగు, గొడుగు అనుకుంటూ వచ్చాను.

మా పిన్ని కూతురి కొడుకు సాయిశరణ్ నాగాయలంకలో రొయ్యల మేత వ్యాపారం చేస్తాడు. "పెద్దమ్మా, నువ్వు కాగితం మీద రాసివ్వు, టైపు చేసే పూచీ నాది" అన్నాడు. అందుకే రాస్తున్నాను.

అసలు నా భయం పాలగిన్నె గురించి కాదు. గంగ గురించి.

గంగాదేవి నా చెల్లెలు. డెబ్భై ఏడు ఉప్పెనలో పోయింది. అప్పటికి దానికి పదేళ్ళు. మా ఊరు నాగాయలంకకి దిగువన, సముద్రానికి దగ్గర. నేను బందరులో హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదువుతున్నాను. అమ్మా నాన్నా బడి డాబా ఎక్కి బతికారు. గంగ ఆ సాయంత్రం ఎవరో స్నేహితురాలి ఇంటికి ఆడుకోవడానికి వెళ్ళింది. ఎవరింటికో అమ్మకి తెలియదు. చెప్పగలిగిన వాళ్ళెవరూ మిగల్లేదు. ఇంట్లో ఫోటోలన్నీ నీళ్ళలో పోయాయి. అమ్మా నాన్నా పోయాక, దాని మొహం ఎరిగిన మనిషిని నేనొక్కదాన్నే. ఒకరోజు పొద్దున్న లేచి కూర్చుంటే, అది నవ్వినప్పుడు ఏ బుగ్గ మీద సొట్ట పడేదో గుర్తు రాలేదు. కుడి బుగ్గా, ఎడమ బుగ్గా... నేను కూడా మరిచిపోతే ఇంక గంగ ఎక్కడుంటుంది?

ఈ మాట మా అమ్మాయి సుప్రజతో ఫోన్లో అంటే, "డిసెంబరు సెలవుల్లో మేం బార్సిలోనా వెళ్తున్నామమ్మా. నువ్వూ వస్తున్నావు" అంది.

సుప్రజ వాళ్ళు గుడివాడలో ఉంటారు. తను కాలేజీలో ఆర్కిటెక్చరు చెబుతుంది. బార్సిలోనాలో కొండవాలులో ఒక పార్కు ఉందట. ఆ కట్టడం గురించి ఏళ్ళ తరబడి పిల్లలకి బొమ్మలు చూపించి పాఠం చెప్పింది గానీ, కళ్ళతో చూడలేదు. ఆ పార్కు పేరు ఎన్నిసార్లు చెప్పినా నా నోట నిలవలేదు. పోనీలే అంది.

నలుగురం వెళ్ళాం. సుప్రజ, అల్లుడు అనిరుధ్, నా మనవరాలు తేజస్వి, నేను. ఎక్కడినుంచి బయల్దేరినా నేను అందరి పేర్లూ పిలుస్తాను. అది మా నాన్న జగన్నాథంగారి అలవాటు. రేపల్లెలో చుట్టాలింటికి వెళ్ళాలంటే అప్పట్లో వంతెన లేదు, కృష్ణ మీద పంటు ఎక్కి దాటాలి. ఒడ్డున నిలబడి ఒక్కొక్కరి పేరూ పిలిచేవాడు. "వస్తున్నా" అని పలకాలి. పలికాకే పంటు ఎక్కాలి. "పలికిన వాళ్ళని వదిలి వెళ్ళకూడదు" అనేవాడు. ఉప్పెన తర్వాత ఆ బురదలో రోజుల తరబడి గంగ పేరు పిలుస్తూ తిరిగాడు. చివరికి, "పలకలేదే" అన్నాడు. పోయేదాకా దాని గురించి ఆయన అన్న మాట అదొక్కటే.

ఎయిర్‌పోర్టులో, హోటల్లో, బస్సు దిగినప్పుడు నేను పేర్లు పిలుస్తుంటే తేజూకి భలే సరదా. "ప్రెజెంట్ మేడమ్" అని చెయ్యెత్తేది.

మధ్యాహ్నం దాటాక కొండ ఎక్కాం. సగం దూరం కదిలే మెట్లున్నాయి. బందరు మనిషిని, నాకు కొండలు కొత్త. పైకి వెళ్తున్నకొద్దీ సముద్రం కిందికి జారిపోయింది. ఎంతో దూరాన, సన్నటి రేకులాగా మెరుస్తోంది. ఇంత ఎత్తుకి నీళ్ళు రావు అనుకున్నాను. ఊపిరి తేలిగ్గా ఆడింది.

పైన పెద్ద మైదానంలాంటి చప్టా, దాని చుట్టూ పాములా మెలికలు తిరిగిన అరుగు. అరుగు నిండా పగిలిన పింగాణీ ముక్కలు అతికించారు. ఎండ పడి అన్ని రంగులూ తళతళలాడుతున్నాయి.

"అత్తయ్యగారూ, ఇంత టికెట్టు పెట్టి పగిలిన కప్పులు చూడ్డానికి వెళ్ళామంటే మా ఆఫీసులో నవ్వుతారండీ" అన్నాడు అనిరుధ్.

"మీ ఆఫీసు వాళ్ళు హనుమాన్ జంక్షన్ దాటి ఎక్కడికి వెళ్ళారు గనక" అంది సుప్రజ.

"అమ్మమ్మ పగలగొట్టినవన్నీ దాచి ఉంటే మనమూ ఒక పార్కు కట్టేవాళ్ళం" అంది తేజూ. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అంత తేలిగ్గా నవ్వి చాలా రోజులైంది.

చప్టా నుంచి కిందికి దిగే రాతిమెట్ల మధ్యలో రంగురంగుల తొండ బొమ్మ ఒకటుంది. జనమంతా దాని ముందే ఫోటోలు. అది నోరు తెరుచుకుని ఉంది. నోరు ఎండిపోయి ఉంది. ఆ సంగతి నేను బాగా చూశాను.

సాయంత్రానికి మబ్బు పట్టింది. సన్నగా తుంపర మొదలైంది. జనం పల్చబడ్డారు. తడవకుండా మేం చప్టా కిందికి వెళ్ళాం. అక్కడొక మండపం. ఎక్కడ చూసినా లావుపాటి స్తంభాలు. ఒకదాని వెనక ఒకటి, దాని వెనక ఇంకొకటి. బయటి వరసవి కొంచెం వాలి ఉన్నాయి. గాలికి వాలిపోయిన తాడిచెట్లు గుర్తొచ్చాయి నాకు.

సుప్రజకి పాఠం చెప్పే ఊపు వచ్చింది. "ఇవి ఉత్త స్తంభాలు కావమ్మా. మనం ఇందాక నిలబడ్డామే, ఆ చప్టా మీద పడిన వాన ఇసకలోంచి ఇంకి, ఈ స్తంభాల లోపలినుంచి కిందికి దిగుతుంది. మన కాళ్ళ కింద పెద్ద తొట్టి ఉంది. అది నిండితే పొంగిన నీళ్ళు ఆ తొండ నోట్లోంచి వస్తాయి."

"మన కాళ్ళ కిందా?"

"ఆ. సరిగ్గా ఇక్కడే."

నాకు అక్కడ నిలబడ బుద్ధి కాలేదు. ఇంత ఎత్తుకి నీళ్ళు రావనుకున్నాను. కొండ లోపలే ఉన్నాయి.

అనిరుధ్ మెట్ల దగ్గరికి ఫోటోలకి వెళ్ళాడు. సుప్రజ పైకప్పు కేసి తలెత్తి, ఫోనుతో వీడియో తీసుకుంటూ అటు చివరికి నడిచింది. తేజూ నా చెయ్యి పట్టుకుని నిలబడింది. దీపాలింకా వెలగలేదు. వెలుగు స్తంభాల మధ్యనుంచి మెల్లగా వెనక్కి పోతోంది. దూరంగా ఎవరో సిబ్బంది ఈల వేశారు. మూసే వేళ అయింది.

ఆసరా కోసం పక్కనున్న స్తంభం మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. లోపల ఏదో కదులుతోంది... చెవి ఆనించాను. నీళ్ళు. సన్నటి చప్పుడు.

అప్పుడు వాసన వచ్చింది. ఉప్పునీటి బురద వాసన. ఉప్పెన తర్వాత మొదటిసారి ఊళ్ళోకి వెళ్ళినప్పుడు పీల్చిన వాసన. ఇన్నేళ్ళలో మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

వెళ్ళిపోవాలి అనుకున్నాను. అలవాటు ప్రకారం పేర్లు పిలిచాను.

"సుప్రజా."

"వస్తున్నానమ్మా" అంది అటు చివరినుంచి.

"అనిరుధ్ గారూ."

"ఆ, వచ్చేశానండీ" అని మెట్ల మీదనుంచి వినిపించింది.

మూడో పేరు తేజస్వి. నా చేతిలో ఉన్నది దాని చెయ్యే. చిన్నపిల్ల చెయ్యి. నా నోరు మాత్రం వేరే పేరు పిలిచింది.

"గంగా."

తేజూ తలెత్తి చూసింది. "నేను తేజూని అమ్మమ్మా" అనబోయింది. సగంలో ఆగిపోయింది.

స్తంభాల లోపలినుంచి...

"వస్తున్నా అక్కా."

గాలి లేదు. తుంపర చప్పుడు కూడా ఆగినట్టుంది. నా చేతిలో తేజూ వేళ్ళు బిగుసుకున్నాయి.

"అమ్మమ్మా" అంది గుసగుసగా. "ఎవరో తెలుగులో మాట్లాడారు."

"విన్నావా?"

"ఆ... అక్కా అంది."

నేను ఒక్కదాన్నే విని ఉంటే నా మతిమరుపు మీదికి తోసేసేదాన్ని. పిల్ల కూడా విన్నది. తల తిప్పి చూశాను. స్తంభాలు తప్ప ఏమీ లేవు. ప్రతి స్తంభం వెనకా ఒక మనిషి నిలబడేంత చీకటి.

"అక్కా... ఇక్కడ చీకటిగా ఉంది."

ఈసారి దగ్గరనుంచి. నా చెయ్యి ఉన్న స్తంభంలోంచి.

ఇక్కడ నేనేం చేశానో తడుముకోకుండా రాయగలను. ఇదొక్కటి తారుమారు కాలేదు. తేజూని లాక్కుని బయటికి నడిచిపోవచ్చు. మెట్లు పది అంగల దూరంలో ఉన్నాయి. అయినా కదల్లేదు. ఆ బురదలో నాన్న తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. ఆయనకి పలకలేదు. నాకు పలికింది. వదిలి వెళ్తే, ఇంకో రెండేళ్ళకో మూడేళ్ళకో, ఆ గొంతు ఎవరిదో కూడా నాకు తెలియకుండా పోతుంది. అప్పుడు పిలిచేవాళ్ళే ఉండరు.

"రా" అన్నాను. "ఇంటికి వెళ్దాం రా."

స్తంభంలో చప్పుడు మారింది. వాన నీళ్ళు పైనుంచి కిందికి దిగుతాయని సుప్రజ చెప్పింది. నేను విన్నది కిందినుంచి పైకి. తొట్టిలోంచి లేచి, నా అరచేతి వెనకనుంచి పాకి, నా తల దాటి పైకి... ఒక్క స్తంభం కాదు. పక్కది. దాని పక్కది. మండపమంతా.

"అమ్మా, గేటు వేసేస్తున్నారు. ఏం చేస్తున్నారిద్దరూ అక్కడ?"

సుప్రజ వచ్చి నా భుజం పట్టుకుంది. చప్పుడు ఆగిపోయింది. నా చెయ్యి తీసి చూసుకున్నాను. పొడిగా ఉంది.

మెట్లు దిగుతుంటే తొండ నోట్లోంచి సన్నటి ధార పడుతోంది.

"ఈ కాస్త తుంపరకే నిండిపోయిందా" అని సుప్రజ ఆశ్చర్యపోయి ఫోటో తీసింది. తేజూ కంచె మీదుగా వంగి, వేలు తడుపుకుని నాకింది.

"ఉప్పగా ఉందమ్మా."

"ఛీ, అవి నాకుతారా ఎవరైనా? వాన నీళ్ళు ఉప్పగా ఎందుకుంటాయే."

తేజూ నా వంక చూసింది. ఆ రాత్రి అది నా దుప్పట్లో దూరి పడుకుంది. మర్నాటికి మామూలుగా అయిపోయింది. ఇప్పుడు అడిగితే, "నువ్వే చెప్పావేమో అమ్మమ్మా, నాకు గుర్తు లేదు" అంటుంది. పిల్లలు తొందరగా మరిచిపోతారు. అది మంచిదే.

నేను మాత్రం ఆ మర్నాడు కళ్ళు తెరవగానే నవ్వాను. ఎడమ బుగ్గ. గంగ నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట. మొహమంతా కళ్ళ ముందు కనిపించింది. ఆకుపచ్చ పరికిణీ, చెవి పక్కన రేగిన జుట్టు. హోటల్ మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నిద్ర లేచిన సుప్రజ చూసి భయపడింది. "గంగ గుర్తొచ్చిందే, మొత్తం గుర్తొచ్చింది" అన్నాను. తనూ నన్ను పట్టుకుని ఏడ్చింది. మంచి రోజు అది.

తర్వాత రోజు ఇంకాస్త గుర్తొచ్చింది. మట్టి అరుగున్న పాక. గూట్లో కిరసనాయిలు బుడ్డి. ఎవరో చేపల పులుసు కాస్తున్నారు. బయట గాలి పెరుగుతోంది. ఈ ఇల్లు ఎవరిదా అని రోజంతా ఆలోచించాను. బందరు వచ్చాక గానీ తట్టలేదు. ఆ పాకలో నేనెప్పుడూ అడుగు పెట్టలేదు.

ఇక రోజూ తెల్లవారుజామున కొంచెం కొంచెంగా వస్తోంది. తలుపు కింద నుంచి నీళ్ళు. తలుపుతో పాటు నీళ్ళు. ఎవరో నడుం పట్టుకుని కప్పు మీదికి ఎత్తారు. తాటాకు కప్పు గోడల మీదనుంచి లేచి, తెప్పలాగా కదిలింది. నాలుక మీద ఉప్పు. చేతుల్లో తాటాకు గీరిన మంట. నేను ఆ రాత్రి హాస్టల్ మేడ మీద కిటికీలు మూసుకుని, తోటి అమ్మాయిలతో కూర్చుని ఉన్నాను. అది కూడా గుర్తుంది. కానీ రోజురోజుకీ అది పల్చబడి, ఇది చిక్కబడుతోంది.

దీన్ని మతిమరుపు అంటారో, మరేదైనా అంటారో డాక్టరుగారిని అడగలేదు. సుప్రజకి చెప్పలేదు. గంగ గుర్తుండాలని కోరుకున్నాను. గుర్తుంది.

నాయనా శరణ్, టైపు చేసేటప్పుడు ఈ పేర్లు ఒకసారి సరిచూసిపెట్టు. మన ఊరి శివారు పాకల్లో, ఆ రోజుల్లో జకరయ్య, రాహేలు అని భార్యాభర్తలు ఉండేవాళ్ళా? వాళ్ళ పక్కింట్లో పున్నారావని ఒకాయన, కుడిచేతికి బొటనవేలు లేని మనిషి? అక్కడి పెద్దవాళ్ళనెవరినైనా అడుగు. ఈ పేర్లు నాకెవరూ చెప్పలేదు. అలాంటి వాళ్ళు లేరని తేలితే నాకు వెంటనే ఫోన్ చెయ్యి. తొందరగా కనుక్కో నాయనా. మొన్న తెల్లవారుజామున పున్నారావు పట్టుకున్న కప్పు వాసం వదిలేశాడు. ఇవాళ జకరయ్య. ఇంక కప్పు మీద రాహేలు, నేనూ మిగిలాం.