సున్నా వాసన

పన్నెండో మంచం దగ్గర పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది. డాక్టర్ హైమవతి ముఖమూ వెలిగింది. "చూశారా? ఈయన ఊపిరిలో ఫంగస్ లేదు," అంది నర్సులతో.

నేల తుడుస్తున్న ఆయా నూకాలమ్మ కర్ర ఆపి గాలి పీల్చింది. "ఏమోనమ్మా, నాకైతే ముక్కిన బియ్యం కంపు కొడతంది. ఈ పెట్టి వచ్చిన వారం నించీ సెప్తన్నాను."

"నీ ముక్కు గొప్పదా, నా సెన్సర్ గొప్పదా?" అంది హైమవతి. వార్డంతా పకపకా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే హైమవతికి ఇప్పటికీ చెవులు కాలిపోతాయి.

ఆ ఏడు విశాఖపట్నాన్ని పట్టిన ఫ్లూ మామూలుది కాదు. వైరస్ ఊపిరితిత్తుల్ని చెడగొట్టేది. వాపు తగ్గాలని ఇచ్చే స్టెరాయిడ్లేమో ఒంట్లో ఉన్న కాస్త కాపలానీ నిద్రపుచ్చేవి. బూజు రేణువులు మనమందరం రోజూ పీలుస్తూనే ఉంటాం, మనకేం కాదు. కాపలా లేని ఒంట్లో మాత్రం తిష్ట వేసుకు కూర్చుంటాయి. వైరస్ నుంచి గట్టెక్కాడనుకున్న మనిషిని ఫంగస్ ఎత్తుకుపోయేది. ల్యాబ్ రిపోర్టు వచ్చేసరికి నాలుగైదు రోజులు! అందుకే హైమవతి పదేళ్లు కష్టపడి ఈ పెట్టె చేసింది. రోగి ఊపిరి గొట్టంలోంచి లోపలికి పోతుంది. ఫంగస్ వాసన ఉంటే నిమిషంలో ఎర్ర లైటు. అది రోజూ పొద్దున్నే తన లోపలి గాలిని తానే వాసన చూసుకుని, దాన్ని సున్నా అనుకుంటుంది. కూరగాయల కొట్లో కాటాని ఖాళీ పళ్లెంతో సున్నాకి తెచ్చుకోరూ, అలాగన్నమాట.

పన్నెండో మంచం మీదాయన సన్యాసిరావు, లేత్ మిషన్ మేస్త్రి. వైరస్ పోయింది గానీ జ్వరం పోలేదు. "ఫంగస్ మందు మొదలుపెడదామా మేడమ్?" అని డ్యూటీ డాక్టర్ అడిగాడు. "కిడ్నీలు దెబ్బతీసే మందయ్యా అది. పచ్చ లైటు కనిపిస్తుంటే ఎందుకు?" అంది హైమవతి.

మర్నాడు పెట్టెను చూడ్డానికి ఢిల్లీ నుంచి పెద్దలొచ్చారు. వాళ్ల ముందే నూకాలమ్మ అననే అంది, "ఆ పెట్టే ముక్కిపోయిందండి బాబూ." హైమవతికి తల కొట్టేసినట్టయింది. "తడిగుడ్డలు ఆరెయ్యకుండా వార్డంతా కంపు చేసేది నువ్వు!" అని అందరిలో కసిరింది. అంతటితో ఊరుకుందా? సాయంత్రం సూపరింటెండెంట్‌కి కంప్లయింట్ రాసిచ్చింది. మరుసటి రోజునుంచి నూకాలమ్మని పనిలోకి రానివ్వలేదు.

మూడోనాడు సన్యాసిరావు దగ్గితే రక్తం పడింది. స్కాన్‌లో ఊపిరితిత్తికి చిల్లి కనిపించింది. జ్వరం తగ్గనప్పుడే పంపిన కఫానికి ల్యాబ్ రిపోర్టూ వచ్చింది, ఫంగస్ అని. పెట్టె ఇంకా పచ్చగానే వెలుగుతోంది.

హైమవతి స్క్రూలు విప్పింది. రోగుల ఊపిరి తడికి నాని, లోపలి ఫిల్టర్ మీద బూజు దట్టంగా పట్టి ఉంది. పెట్టె ఆ బూజునే రోజూ వాసన చూసుకుని సున్నా అనుకుంది. రోగి ఊపిరిలోని అదే కంపునీ సున్నాలోనే కలిపేసింది. పైగా ఆ బూజు రేణువులు కలిసిన లోపలి గాలిని బయటికి వదిలే గొట్టం సరిగ్గా పన్నెండో మంచం వైపే ఉంది.

మందు మొదలుపెట్టారు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

రెండ్రోజులు పోయాక హైమవతి వెతుక్కుంటూ నూకాలమ్మ ఇంటికెళ్లింది. దారి పొడుగునా క్షమాపణ మాటలు వల్లె వేసుకుంది. అరుగు మీద ఎండుచేపలు బాగుచేస్తున్న నూకాలమ్మ గబగబా చేతులు కడుక్కుని కుర్చీ వేసింది. హైమవతి కూర్చోలేదు.

"నువ్వు చెప్పిందే నిజం నూకాలమ్మా. కంపు నా పెట్టెదే. నీ పని నీకు ఇప్పిస్తాను, నీ మీద రాసింది అబద్ధమని నేనే రాసిస్తాను."

"అది సరేనమ్మా. పన్నెండో మంచం బాబు ఇంటికెల్లిపోయాడా? వాల్ల పాప ఫొటో నాకు సూపించాడు."

"లేదు. మొన్న పోయాడు."

నూకాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్లు తుడుచుకుని అంది:

"నాదేనమ్మా తప్పు. మీరు కసిరేసరికి బయమేసి ఊరుకున్నాను. ఇంకాస్త గట్టిగా సెప్పాల్సింది."

ఆమె నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది హైమవతికి. తల ఎత్తలేక అరుగు కింద తన చెప్పుల్నే చూస్తూ నిలబడింది.